పెట్ట మూలన కూర్చుంటోంది: జబ్బా, గుడ్డుకొచ్చిందా?

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. హైదరాబాద్ బోడుప్పల్‌లో ఇంటి వెనక మూడు గ్రామప్రియ పెట్టలు, మూడూ ఒకే ఈడువి, ఐదున్నర నెలలు. అందులో గోధుమరంగుది రెండు రోజులుగా వాషింగ్ మెషిన్ వెనక మూలకు పోయి కూర్చుంటోంది. మేత సగం వదిలేస్తోంది. ఎప్పుడూ లేని గొంతుతో మూలుగుతోంది. చేయి చాపితే పారిపోకుండా నేలకు కరుచుకుపోతోంది. "జబ్బు చేసిందా ఆంటీ, గుడ్డుకొచ్చిందా? పక్కింటివాళ్లు యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు, నీళ్లలో కలిపి పెట్టనా?" అని మీ ప్రశ్న.

ముందు ఆ పొడి సంగతి. ఇప్పుడే కలపకండి. గుడ్డు కోసం మూల వెతుక్కుంటున్న పెట్టకు దాంతో పనిలేదు. ఒకవేళ కొక్కెర తెగులే అయితే అది వైరస్ వల్ల వచ్చేది, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. పైగా మందు తాగిన కోడి పెట్టే గుడ్లలో ఆ మందు కొన్నాళ్లు వస్తుంది. మీ ఇంట్లో రెండేళ్ల పాప ఉందని రాశారు కదా, ఆ గుడ్లు పాపకు పెట్టలేరు. ఏ మందైనా రోగం ఏమిటో తెలిశాకే, డాక్టరు చెప్పాకే.

నేను కాప్రాలో ఇరవై ఏళ్లకు పైగా ఇంటి వెనక కోళ్లు పెంచుతున్నాను. అంతకుముందు సిద్దిపేట దగ్గర మా ఊళ్లో అమ్మ గంపల కింద పెంచిన కోళ్ల మధ్యే పెరిగాను. మొదటి గుడ్డు ముందు పెట్ట ప్రవర్తన ఎంత మారిపోతుందో చూసి కొత్తగా పెంచేవాళ్లు భయపడతారు. అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే మూలన కూర్చోవడం, మేత తగ్గించడం, గొంతు మారడం జబ్బులోనూ ఉంటాయి, గుడ్డుకొచ్చినప్పుడూ ఉంటాయి. తేడా తెలిసేది అది కూర్చున్న తీరులో, ఒంట్లో.

వయసు లెక్క మీ పెట్టకు సరిగ్గా కుదురుతోంది. గ్రామప్రియ మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన రకమే. దీనికి మొదటి గుడ్డు సుమారు 160 నుంచి 165 రోజులకు వస్తుంది. అదే సంస్థవాళ్ల వనరాజా అయితే ఇంకో రెండు వారాలు ఆలస్యం. అచ్చం నాటుకోడి ఆరేడు నెలలు తీసుకుంటుంది. కోళ్ల బజారులోనో సైకిల్ మీద తెచ్చేవాళ్ల దగ్గరో పెద్ద పిల్లను కొంటే చెప్పిన వయసు నమ్మలేం, కానీ మీరు చిన్నపిల్లలప్పటి నుంచీ పెంచారు కాబట్టి ఈ లెక్క నమ్మొచ్చు. అలాగని వయసు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఆ వయసులో జబ్బు కూడా రావచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని చెబుతాను. అది మూలన ఉన్నప్పుడు కొంచెం దూరంలో స్టీల్ పళ్లెంలో నూకలో, సన్నగా తరిగిన తోటకూరో వేసి చప్పుడు చేయండి. గుడ్డుకొచ్చిన పెట్ట తల ఎత్తి చూస్తుంది. లేచి వచ్చి నాలుగు ముక్కలు తిని, ఏదో పని గుర్తొచ్చినట్టు మళ్లీ మూలకు పోతుంది. అక్కడ కాళ్లతో నేల గీరుతుంది, రొమ్ముతో గుంట చేసినట్టు ఒత్తుతుంది, గడ్డిపోచో కాగితం ముక్కో ముక్కుతో తీసి వీపు మీద వేసుకుంటుంది. అరగంట కూర్చుని లేచి ఇంకో మూల చూస్తుంది. మెట్ల కింద, కుండీల వెనక, బియ్యం సంచి పక్కన, ఎక్కడ చీకటిగా ఉంటే అక్కడ దూరుతుంది. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి.

జబ్బు చేసిన కోడి చోటు వెతకదు. ఎక్కడ ఒదిగితే అక్కడే ఉంటుంది, ఎండలో కూడా. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, తోక దించి, కళ్లు సగం మూసుకుని ఉంటుంది. పళ్లెం చప్పుడుకు కన్ను తెరిచి మళ్లీ మూసేస్తుంది. మిగతా రెండూ వచ్చి దాని మీద నుంచి నడిచినా కదలదు. మీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన మాట ఒకటుంది. "ఒకసారి వాషింగ్ మెషిన్ వెనక, ఒకసారి చీపుళ్ల దగ్గర" అన్నారు. చోట్లు మారుస్తోందంటే వెతుకుతున్నట్టే.

చేయి చాపితే నేలకు అతుక్కోవడం గురించి బాగా భయపడ్డారు. కాళ్లు పడిపోయాయేమో అనుకున్నారు. రెక్కలు రెండూ కొద్దిగా విప్పి, వీపు సమానంగా చేసి, కాళ్లు దగ్గరగా తొక్కుకుంటూ కిందికి ఒదిగిందా? అది పుంజుకు ఒప్పుకునే తీరు. పుంజు లేని ఇంట్లో మన చేతికే అలా ఒదుగుతాయి. వీపు నిమిరి వదిలేస్తే లేచి ఈకలు ఒక్కసారి దులుపుకుని మామూలుగా నడిచిపోతుంది. ఇది మొదలైన రెండు మూడు వారాల్లోపే నేను చాలా పెట్టల దగ్గర మొదటి గుడ్డు చూశాను. నిజంగా కాళ్లకు పట్టుతప్పిన కోడి అయితే లేవబోయి పక్కకు ఒరుగుతుంది, లేదా ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపేస్తుంది. అది నరాలను దెబ్బతీసే మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు, కొక్కెర తెగులు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అలాంటిది కనిపిస్తే ఆగకండి.

తల మీది ఎర్ర జుట్టు, మన దగ్గర కొందరు తురాయి అంటారు, అది కూడా చూడండి. గుడ్లసంచి పనిచేయడం మొదలయ్యాక అది గులాబీ రంగు పోయి మందారంలా ఎర్రబడుతుంది, పెద్దదవుతుంది, తాకితే వెచ్చగా మెత్తగా ఉంటుంది. ముక్కు కింద వేలాడే తోలు కూడా అంతే. మీ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పోల్చండి. రంగు వెలిసిపోయి ముడుచుకుపోతే కడుపులో పురుగులో, ఒంటి మీద పేలో పట్టాయేమో, లేదా లోపల ఏదో ఉందేమో అనుకోవాలి. నీలంగా నల్లగా మారితే అదే రోజు డాక్టరు దగ్గరికి.

అసలు జవాబు మాత్రం ఈ రాత్రి మీ చేతివేళ్లకు తెలుస్తుంది. చీకటి పడి అవి నిద్రకు ఎక్కాక ఫోన్ టార్చికి ఎర్రగుడ్డ చుట్టి వెళ్లండి, ఎర్ర వెలుతురుకు కోళ్లు బెదరవు. పెట్టను రెండు చేతులతో రెక్కల మీదుగా పట్టి, తల మీ చంక వైపు, తోక బయటికి వచ్చేలా ఒళ్లో పెట్టుకోండి. గట్టిగా నొక్కకండి, రొమ్ము కదిలితేనే అవి ఊపిరి తీసుకోగలవు. ఇప్పుడు తోక కింద, రెట్ట వేసే ద్వారానికి అటూ ఇటూ తడమండి. తోలు కింద రెండు సన్నటి ఎముకల కొసలు తగులుతాయి, అగ్గిపుల్ల కొసల్లా. వాటి మధ్య సందులో మీ వేళ్లు ఎన్ని పడతాయో చూడండి. గుడ్డుకు దూరంగా ఉన్న పిల్లకు ఒక వేలే కష్టంగా పడుతుంది, ఎముకలు బిరుసుగా ఉంటాయి. రెండు వేళ్లు పడి, ఎముకలు కొద్దిగా వంగుతున్నట్టుంటే దగ్గరికొచ్చింది. గుడ్లు పెడుతున్న పెట్టకు రెండు నుంచి మూడు వేళ్లు సులువుగా పడతాయి.

నిన్న రాత్రి మా చుక్కల పెట్టను ఇలాగే చూశాను. పది రోజుల కిందట ఒక్క వేలు. నిన్న రెండు వేళ్లు పట్టి ఇంకా కొంచెం సందు మిగిలింది. ద్వారం మొన్నటిదాకా చిన్నగా, గుండ్రంగా, ఎండినట్టు, పసుపు అంచుతో ఉండేది. ఇప్పుడు వెడల్పయి, తడిగా, అంచులు తెల్లబడి ఉంది. దాని కిందనుంచి రొమ్ము ఎముక దాకా పొట్ట నానబెట్టిన పిండిలా మెత్తగా ఉంది. ఒళ్లో కూర్చున్నంతసేపూ గొంతులో సన్నగా కుర్ కుర్ అంటూనే ఉంది. ఈ రోజు పొద్దున గంపలో గడ్డి సర్దుకుంటూ కూర్చుంది, గుడ్డు ఇంకా లేదు. రెండు మూడు రోజుల్లో పెడుతుందనుకుంటున్నాను.

ఒళ్లో ఉన్నప్పుడే రొమ్ము మధ్య ఎముక తడమండి. రెండు వైపులా కండ నిండుగా ఉండాలి. గుడ్డుకొచ్చే పెట్ట ఈ రోజుల్లో బరువు పెరుగుతుంది. ఎముక కత్తి అంచులా పైకి పొడుచుకొచ్చిందంటే రెండు రోజుల సంగతి కాదు, చాలా రోజులుగా లోపల ఏదో తినేస్తోంది. ఈకలు పక్కకు తీసి ద్వారం చుట్టూ, రెక్కల కింద పేలు, ఈకల మొదట్లో తెల్లటి గుడ్ల గుత్తులు ఉన్నాయేమో కూడా చూసేయండి.

తర్వాత మేత సంచి. మెడ కింద, రొమ్ముకు కొద్దిగా కుడివైపు ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు నిమ్మకాయంత నిండి ఉండాలి, తెల్లారి మేత వేయకముందు ఖాళీ అయిపోవాలి. రాత్రి కూడా చదునుగా ఉంటే అది సగం కాదు, అసలు తినడం లేదు. తెల్లారినా గట్టిగా ముద్దలా ఉంటే గడ్డో దారమో అడ్డం పడింది. నీళ్ల బెలూన్‌లా జబజబలాడుతూ, నోటి దగ్గర పులిసిన వాసన వస్తే లోపల పాడైనట్టు. ఈ ఒక్కటీ రెండు పూటలు చూస్తే చాలా అనుమానాలు తీరిపోతాయి. గుడ్డు ముందు ఒకటి రెండు రోజులు మేత తగ్గడం నేను చూశాను, కానీ పూర్తిగా మానేయడం చూడలేదు. నీళ్లు మాత్రం తాగుతూనే ఉంటుంది.

రెట్ట కోసం రాత్రి దాని కింద పాత న్యూస్ పేపర్ పరిచి పొద్దున చూడండి. గట్టిగా, ముదురు రంగులో, పైన తెల్లటి టోపీ ఉంటే మంచిదే. మధ్యలో ఎప్పుడైనా చాక్లెట్ రంగులో జిగురుగా, బాగా వాసన వచ్చేది పడుతుంది. అది పేగుల చివరి సంచుల నుంచి వచ్చేది, రోగం కాదు. ఆకుపచ్చటి నీళ్లు, రక్తం, నురగ, ద్వారం చుట్టూ ఈకలు అంటుకుపోవడం మాత్రం రోగమే.

ఇక్కడ నా జీవితంలో జరిగింది చెప్పాలి, ఎందుకంటే గుడ్డుకొచ్చిందన్నంత మాత్రాన క్షేమం అనుకోవద్దని నాకు అదే నేర్పింది. చాలా ఏళ్ల కిందట మే నెలలో మా నల్ల పెట్ట సరిగ్గా మీదానిలాగే మూలలు వెతికింది. జుట్టు ఎర్రగా ఉంది, వేళ్లు రెండు పట్టాయి. "గుడ్డుకొచ్చింది, దాన్ని కదిలించొద్దు" అని మా అమ్మాయికి చెప్పాను. రెండో రోజు అది నిలువుగా నిలబడింది, పొట్ట బరువుకు వెనక్కి వాలినట్టు, తోక నేలకు దించి. తోక కింద పైకీ కిందికీ లయగా కదులుతోంది, ముక్కుతోంది, రెట్ట మాత్రం పడటం లేదు. నేను ఇంకా గుడ్డు వస్తుందనే కూర్చున్నాను. సాయంత్రానికి జుట్టు వంకాయ రంగుకు తిరిగింది. ఆటోలో తీసుకెళ్తుంటే నా ఒళ్లోనే పోయింది. కోసి చూస్తే గరుకు పెంకు గుడ్డు దారిలో ఇరుక్కుపోయి ఉంది. ఒక్క రోజు ముందు నేను దాన్ని ఎత్తి చూసి ఉంటే బతికేది.

అందుకే చెబుతున్నాను. మూలలు వెతకడం ఎన్ని రోజులైనా పరవాలేదు, కొన్ని పెట్టలు వారం పది రోజులు వెతుకుతాయి. ముక్కడం మాత్రం గంటల తరబడి సాగకూడదు. ఒక గుడ్డు లోపల తయారవడానికి దాదాపు 25 గంటలు పడుతుంది, అందులో 20 గంటలు పెంకు కట్టడానికే. కానీ బయటికి రావడం ఎక్కువసేపు పట్టే పని కాదు. మీ పెట్ట ముక్కుతూ, తోక ఆడిస్తూ, రెట్ట వేయకుండా ఉంటే బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు తీసుకుని పొట్ట మునిగేదాకా పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. నీళ్లు మన మోచేతికి హాయిగా అనిపించేంత వేడి చాలు, తలను చేత్తో పట్టుకోండి. తుడిచి ఆరబెట్టి, చీకటిగా ఉన్న అట్టపెట్టెలో గంటసేపు ఒంటరిగా వదలండి. పొట్ట నొక్కకండి, వేలు పెట్టి లాగకండి. లోపల గుడ్డు పగిలితే పెంకులు కోసుకుపోయి ప్రాణం మీదికొస్తుంది. గంటా రెండు గంటల్లో రాకపోతే ఆ రోజే డాక్టరు చేతిలో ఉండాలి, మర్నాటిదాకా ఆగొద్దు.

ఇలా ఇరుక్కోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి సున్నం చాలకపోవడం. ఒక్క గుడ్డు పెంకులోనే రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. మొదటి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందే పెట్ట తన కాళ్ల ఎముకల లోపల అదనంగా కాల్షియం దాచుకోవడం మొదలుపెడుతుంది. మనం అప్పుడు నూకలు, మక్కలు మాత్రమే వేస్తూ ఉంటే ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? మీరు ఇంకా ఎదిగే పిల్లలకు వేసే గ్రోయర్ మేతే వేస్తున్నానన్నారు. అందులో కాల్షియం ఒక్క శాతం అటూ ఇటూ ఉంటుంది, గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ మేతలో మూడున్నర, నాలుగు శాతం. రాత్రి రెండు వేళ్లు పడితే రేపటి నుంచి లేయర్ మేతకు మార్చండి. మిగతా రెండు ఇంకా ఒక్క వేలు దగ్గరే ఉంటే అందరికీ గ్రోయరే ఉంచి, విడిగా చిన్న గిన్నెలో గవ్వల పొడి, అదే దాణా కొట్లో షెల్ గ్రిట్ అని అడిగితే ఇస్తారు, అది పెట్టండి. కావాల్సిన పెట్ట కావాల్సినంత ఏరుకుంటుంది. చిన్నవాటికి ముందే లేయర్ మేత వేస్తే ఆ సున్నం కిడ్నీల మీద పడుతుంది.

ఇక నిజమైన రోగాల్లో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది కొక్కెర తెగులు. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, గురక, ఆకుపచ్చ రెట్ట, తర్వాత మెడ మెలితిరగడం, రెక్క వేలాడటం. ఒకటి పడితే కొద్ది రోజుల్లోనే పక్కవి కూడా పడతాయి. మొదటి వారంలో చుక్కల టీకా, ఎనిమిదో వారంలో ఇంజెక్షన్ వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించకపోతే ఈ పెట్ట తేరుకున్నాక మూడింటికీ వేయించండి, ఒంట్లో బాగోలేనప్పుడు టీకా వద్దు. ముఖం మీద, జుట్టు మీద మొటిమల్లా నల్లటి పొక్కులు వస్తే అది కోళ్ల మశూచి, దోమలు మోసుకొస్తాయి, వానాకాలం తర్వాత మన కాలనీల్లో నేను ఎక్కువ చూస్తాను. ఏ లక్షణమూ లేకుండా ఒక్కసారిగా ఒకటి కంటే ఎక్కువ కోళ్లు చనిపోతే వాటిని చేత్తో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖవాళ్లకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకూ తెలుసు.

ఎండాకాలమైతే ఇంకో తికమక ఉంటుంది. నోరు తెరిచి, రెక్కలు ఎత్తి రొప్పడం వేడికి అన్ని కోళ్లూ చేస్తాయి. మూడూ చేస్తుంటే ఎండ, ఒక్కటే చేస్తుంటే ఆ ఒక్కదాని సంగతి చూడాలి. పొద్దున్నే చల్లటి వేళ కూడా రొప్పుతుంటే రోగమే.

డాక్టరు కావాల్సొస్తే మీకు దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి ముందు వెళ్లండి, సిటీలో నారాయణగూడలో పెద్ద పశువైద్యశాల ఉంది. వెళ్లేటప్పుడు ఆ పొద్దుటి రెట్టను చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. పెట్టను గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, కింద పాత టవల్ వేయండి.

మీ పెట్ట మాత్రం నాకు గుడ్డుకొచ్చినట్టే అనిపిస్తోంది. అందుకని ఈ రోజే దానికి చోటు ఇవ్వండి. పాత ప్లాస్టిక్ టబ్బో, వెదురు గంపో, అడుగున వరిగడ్డి, నేల నుంచి జానెడు ఎత్తున, వెలుతురు పడని మూల. వాషింగ్ మెషిన్ వెనకే దానికి నచ్చితే గంపను అక్కడే పెట్టండి. అందులో ఒక పింగ్‌పాంగ్ బంతో, తెల్లటి గుండ్రాయో పెడితే ఇక్కడే పెట్టాలని దానికి అర్థమవుతుంది. ఊరికే వెళ్లి తొంగిచూడకండి, పాపను కూడా అటు పోనివ్వకండి.

మొదటి గుడ్డు చిన్నగా ఉంటుంది, పచ్చసొన లేకుండా కూడా రావచ్చు, పెంకు మీద సన్నటి రక్తపు గీత ఉండొచ్చు, తోలుగుడ్డు కూడా పడొచ్చు. మొదటి రెండు వారాలు వాటికి కంగారు పడాల్సిన పనిలేదు. గుడ్డు పెట్టాక ద్వారం నుంచి ఎర్రటి కండ బయటికి వచ్చి లోపలికి పోకపోతే మాత్రం వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి, ఎర్రగా కనిపిస్తే అవి పొడిచేస్తాయి. శుభ్రమైన నీళ్లతో కడిగి, తడిగుడ్డ కప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఈ రాత్రి వేళ్లు ఎన్ని పట్టాయో, మేత సంచి నిండుగా ఉందో లేదో, రేపు పొద్దున పేపర్ మీద రెట్ట ఏ రంగులో ఉందో మూడూ రాయండి. ముక్కడం కనిపిస్తే నా జవాబు కోసం చూడకుండా ముందు గోరువెచ్చటి నీళ్లు పెట్టండి.